ప్రపంచ సభలో భారత్‌కు పీట: ఒక ప్రజా ఉద్యమ ప్రణాళిక

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో భారతదేశానికి శాశ్వత స్థానం కావాలి. ఆ స్థానం ఆఫ్రికా దేశాలతో పాటే రావాలి. వీటో లేకుండా రావాలి. అక్కడ మన ప్రతినిధి ఎత్తిన ప్రతి చేతికీ ఇక్కడ పార్లమెంటులో ప్రభుత్వం జవాబు చెప్పాలి. ఈ నాలుగు మాటల మీద నిలబడి ఈ ఉద్యమాన్ని ప్రారంభిస్తున్నాం.

మేం ఉపాధ్యాయులం, విద్యార్థులం, రైతులం, న్యాయవాదులం, మాజీ సైనికులం. మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లు, గల్ఫ్‌లో ఏళ్లకేళ్లు కష్టపడి తిరిగొచ్చినవాళ్లు, సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్లు మాలో ఉన్నారు. విదేశాంగ విధానం అంటే ఢిల్లీలో నలుగురు అధికారులు చూసుకునే వ్యవహారమని మేం ఒప్పుకోం. మన వడ్లకు ప్రభుత్వం ఇచ్చే మద్దతు మీద జెనీవాలో పరిమితి ఉంది. ఏ టీకాను ఎవరు తయారుచేయవచ్చో కూడా అక్కడే తేలుతుంది. దుబాయ్ వెళ్లిన కూలీ హక్కుల ఒప్పందం న్యూయార్క్‌లో పుట్టింది. మన బతుకుల్ని తాకే నిర్ణయాలు ఎక్కడ జరుగుతున్నాయో, అక్కడ మన మాట చెల్లాలి. ఆ మాట ఏమిటో మనమే తేల్చుకోవాలి.

1. తూము తాళం ఎవరి చేతిలో ఉంది?

1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 దేశాలు ఐరాస చార్టర్ మీద సంతకాలు చేశాయి. భారత్ తరఫున సంతకం పెట్టిన సర్ ఆర్కాట్ రామస్వామి ముదలియార్‌ను అక్కడికి పంపింది నాటి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం. స్వాతంత్ర్యం కోసం పోరాడిన కాంగ్రెస్ అగ్రనాయకులు జైళ్ల నుంచి బయటికొచ్చింది ఆ నెలలోనే. ఆఫ్రికా ఖండం మొత్తం మీద సంతకం చేసినవి నాలుగే దేశాలు: ఈజిప్టు, ఇథియోపియా, లైబీరియా, తెల్లవాళ్ల పాలనలో ఉన్న దక్షిణాఫ్రికా. ప్రపంచంలో చాలా భాగం ఇంకా ఎవరో ఒకరి వలసగా ఉన్న రోజుల్లో, అయిదు దేశాలకు శాశ్వత స్థానాలు, వాటితో పాటు వీటో దక్కాయి.

ఇప్పుడు ఐరాసలో 193 సభ్యదేశాలు ఉన్నాయి. అందులో 54 ఆఫ్రికావి. భద్రతా మండలి సభ్యుల సంఖ్యలో జరిగిన మార్పు ఒక్కటే: 1965లో ఎన్నికయ్యే సభ్యుల సంఖ్య ఆరు నుంచి పదికి పెరిగింది. శాశ్వత సభ్యులు నాడు అయిదుగురే, నేడూ అయిదుగురే. ఊరికి చెరువు తవ్విన నాడు తూము తాళం అయిదిళ్ల చేతికిచ్చారనుకోండి. తర్వాత ఆయకట్టు నాలుగింతలైంది, కొత్త రైతులొచ్చారు, తాళం మాత్రం ఆ అయిదిళ్లు దాటలేదు. కరువు కాలంలో ముందు ఎవరి మడి తడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ అధికారం పైకి కనిపించే వీటోతోనే ఆగదు. మండలిలో ఒక్కో సమస్యపై తీర్మానం ముసాయిదా రాసే దేశాన్ని అక్కడ ‘పెన్‌హోల్డర్’ అంటారు. చాలా సమస్యల మీద ఆ కలం అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌ల చేతుల్లోనే తిరుగుతుంది. రెండేళ్ల కోసం ఎన్నికైన దేశాలు వచ్చేసరికి ముసాయిదా సిద్ధంగా ఉంటుంది. అసలు బేరాలు తలుపులు మూసిన గదిలో సాగుతాయి. ఆ పద్ధతులు ఒంటబట్టేలోపే వాళ్ల గడువు తీరిపోతుంది. భారత్ 1950–51 మొదలు 2021–22 దాకా ఎనిమిది సార్లు ఇలా ఎన్నికై, గడువు ముగిశాక లేచి వచ్చింది.

దీనివల్ల జరిగే నష్టం ప్రాణనష్టం. 1994 ఏప్రిల్ 21న, రువాండాలో ఊచకోత మొదలైన రెండు వారాలకు, మండలి అక్కడున్న ఐరాస దళాన్ని 270 మందికి కుదించింది. ఆ తర్వాత వారాల్లో లక్షలమంది చచ్చిపోయారు. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్‌పై దండయాత్రను ఖండించే తీర్మానాన్ని, దండయాత్ర చేసిన రష్యాయే వీటో చేసింది. గాజాలో కాల్పుల విరమణ కోరిన తీర్మానాలను అమెరికా పదేపదే ఆపింది. నేరం మోపబడ్డవాడో, అతని ఆప్తుడో తీర్పు చెప్పే పీఠం మీద కూర్చున్న చోట న్యాయం ఎలా పుడుతుంది?

2. మన అర్హత ఎక్కడుంది?

140 కోట్ల జనాభాను, ప్రపంచంలో మొదటి అయిదారు స్థానాల్లో ఉన్న ఆర్థిక వ్యవస్థను, అణ్వాయుధాలను చూపించి సీటు అడిగేవాళ్లున్నారు. మేం ఆ దారిన పోం. బలమే అర్హత అయితే 1945 నాటి పంపకం న్యాయమైనదే అవుతుంది. మన వంతు ఆలస్యమైందన్నది తప్ప మనకు వేరే ఫిర్యాదు ఉండదు. రేపు ఇంకో దేశం బలిస్తే మనం తప్పుకోవాల్సిందే. మన అర్హతను మనకు బలం లేని రోజుల్లో చేసిన పనుల్లో వెతుకుతున్నాం.

1946లో, స్వాతంత్ర్యానికి ఇంకా ఏడాది దూరంలో ఉండగానే, దక్షిణాఫ్రికాలో భారత సంతతి ప్రజలపై సాగుతున్న వర్ణ వివక్షను మనం ఐరాస సర్వసభ్య సభ ముందుకు తెచ్చాం. అది మా ఇంటి విషయమని దక్షిణాఫ్రికా అడ్డం తిరిగింది. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని మన బృందం మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానాన్ని గెలిపించింది. ఒక దేశం తన గడ్డ మీదే మనుషుల్ని అవమానిస్తే ప్రపంచం ప్రశ్నించవచ్చన్న దారి అక్కడ తెరుచుకుంది. అదే ఏడాది జాతి నిర్మూలనను అంతర్జాతీయ నేరంగా గుర్తించాలన్న తీర్మానాన్ని ప్రతిపాదించిన మూడు దేశాలు క్యూబా, పనామా, భారత్.

1961 డిసెంబరు 5న కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో కటంగా వేర్పాటు సాయుధులు రోడ్డుకు అడ్డంగా కాపుకాశారు. వాళ్లు సుమారు 90 మంది. ఐరాస శాంతి దళం తరఫున వాళ్లను తొలగించడానికి వెళ్లిన భారత కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా వెంట ఉన్నది 16 మంది గూర్ఖా సైనికులు. కుక్రీలు దూసి ఎదురెళ్లారు. మెడకు తూటా తగిలినా సలారియా పోరు ఆపలేదు. అడ్డంకి తొలగింది, ఆయన మాత్రం బతకలేదు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. ఐరాస శాంతి విధుల్లో పరమవీర చక్ర పొందింది ఆయన ఒక్కరే. ఇప్పటిదాకా 50కి పైగా శాంతి పరిరక్షణ దళాల్లో 2 లక్షల 90 వేలమందికి పైగా భారతీయులు పనిచేశారు. సుమారు 180 మంది తిరిగి రాలేదు. ఏ దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు. 2007లో లైబీరియాకు వెళ్లిన, అందరూ మహిళలే ఉన్న తొలి ఐరాస పోలీసు దళం మన దేశానిదే.

చార్టర్‌లో 44వ అధికరణం ఒకటుంది. మండలిలో సభ్యురాలు కాని దేశం నుంచి సైన్యం కోరితే, ఆ సైన్యాన్ని ఎలా వాడాలన్న నిర్ణయాల్లో పాల్గొనమని ఆ దేశాన్ని పిలవాలని అది చెబుతుంది. సైనికుల్ని పంపే దేశాల మాటకు మండలిలో ఆ విలువ దక్కడం లేదని భారత్ ఎన్నోసార్లు మొత్తుకుంది. బిడ్డల్ని పంపేది ఒకరు, ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించేది ఇంకొకరు. ఇది మారాలి.

నాయకత్వం తుపాకీతోనే చూపించాల్సిన పని లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. ఇవాళ హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రంలో రాత్రీపగలూ మనుషులు కూర్చుని సముద్రగర్భంలో వచ్చే భూకంపాలను గమనిస్తుంటారు. యునెస్కో ఆధ్వర్యంలోని ఏర్పాటు కింద ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు ఆ కేంద్రమే ఈ సముద్రం చుట్టూ ఉన్న దేశాలకు సునామీ సమాచారం అందిస్తోంది. అడగని దేశానికీ, కట్టలేని దేశానికీ ఆ హెచ్చరిక వెళుతుంది. మేం కోరుకునే నాయకత్వం ఇదే.

2023 సెప్టెంబరులో ఢిల్లీ శిఖరాగ్ర సమావేశంలో ఆఫ్రికన్ యూనియన్‌కు జీ20 శాశ్వత సభ్యత్వం వచ్చింది. అధ్యక్ష పీఠం మన చేతిలో ఉన్నప్పుడు పక్కవాడికి చోటు చేశాం. ఆ ఏడాది జీ20 బృందాలు విశాఖపట్నానికీ హైదరాబాద్‌కూ వచ్చాయి, రోడ్లకు రంగులు పడ్డాయి. మాకు గుర్తుండాల్సింది రంగులు కాదు, ఆ కుర్చీ.

3. ఎదురయ్యే ప్రశ్నలు, మా జవాబులు

*ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా?* మానవాభివృద్ధి సూచీలో 2025 నివేదిక ప్రకారం 193 దేశాల్లో మనది 130వ స్థానం. దాన్ని ఎవరూ దాచలేరు. కానీ ఇల్లు, రచ్చ ఇప్పుడు వేర్వేరుగా లేవు. ప్రపంచ వాణిజ్య సంస్థ మన వరి సబ్సిడీని 1986–88 నాటి ధరలతో పోల్చి లెక్కిస్తుంది. ఆ లెక్కలో 2018–19 సంవత్సరానికి 10 శాతం పరిమితి దాటిందని భారత్ 2020లో తెలియజేసి, 2013లో బాలీలో దక్కిన తాత్కాలిక రక్షణను ఆశ్రయించాల్సి వచ్చింది. శాశ్వత పరిష్కారం ఇంకా రాలేదు. గోదావరి, కృష్ణా ఆయకట్టుల్లో వరి పండించే రైతు ఇంట గెలవాలంటే ఆ రచ్చలో ఎవరో ఒకరు గెలవాలి. పేద దేశానికి నియమాలు రాసే హక్కు లేదనడమంటే, ఆ నియమాల బరువు మోసేవాళ్లకు నోరు ఉండకూడదనడమే.

*వీటో మనకూ ఉపయోగపడింది కదా?* పడింది. 1961 డిసెంబరులో గోవా విషయంలో, 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సోవియట్ యూనియన్ వీటో మనకు అండగా నిలిచింది. ఆ మేలు మరవం. అయితే మిత్రుడి వీటో మీద ఆధారపడ్డ దేశానికి, ఆ మిత్రుడు తప్పు చేసిన రోజు నోరు పెగలదు. 2022 ఫిబ్రవరిలో మండలిలో ఉండి కూడా మనం ఉక్రెయిన్ తీర్మానంపై ఓటింగ్‌కు దూరంగా ఉన్నాం. అలా ఉండటానికి ప్రభుత్వానికి కారణాలు ఉండవచ్చు. వాటిని ప్రజల ముందు, పార్లమెంటు ముందు పూర్తిగా చర్చకు పెట్టాలన్నది మా పట్టు.

*చెప్పిన మాట మీద మనం నిలబడతామా?* కరోనా కాలంలో, 2020 అక్టోబరులో, టీకాలు, మందుల పేటెంట్లను తాత్కాలికంగా పక్కన పెట్టాలని భారత్, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగాయి. 2022 జూన్‌లో జెనీవాలో దక్కింది టీకాలకే పరిమితమైన ముక్క. పరీక్ష కిట్లు, చికిత్స మందులు బయటే మిగిలాయి. మరోవైపు, 2021 జనవరిలో పొరుగు దేశాలకు టీకాలు పంపడం మొదలుపెట్టిన మనమే రెండో అల వచ్చాక ఎగుమతులు ఆపాం. మన టీకాల మీదే ఆశపెట్టుకున్న పేద దేశాలు నెలల తరబడి ఎదురుచూశాయి. మన ఇళ్లలో ప్రాణాలు పోతున్న వేళ అది. అయినా నాయకత్వం అడిగే దేశం అలాంటి రోజుకు ముందే నిల్వలు, ఒప్పందాలు సిద్ధం చేసుకోవాలి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఆ సత్తా ఉంది.

4. ప్రపంచం ముందు మా డిమాండ్లు

1. భద్రతా మండలిలో శాశ్వత, ఎన్నికయ్యే స్థానాలు రెండూ పెరగాలి. ఆఫ్రికా తన 2005 ఎజుల్విని ఏకాభిప్రాయంలో కోరిన రెండు శాశ్వత స్థానాలు మొదటి వరుసలో ఉండాలి. ఆఫ్రికాను బయట ఉంచి మనకొక్కరికే ఇస్తామంటే భారత్ వద్దనాలి.

2. భారత్ తనకు వీటో అడగకూడదు. 2005లో బ్రెజిల్, జర్మనీ, జపాన్‌లతో కలిసి మనం పెట్టిన ముసాయిదా, కొత్త సభ్యులు 15 ఏళ్ల దాకా వీటో వాడబోరని చెప్పింది. ఆ గడువు మాట తీసేసి, మాకు ఎప్పటికీ వద్దని చెప్పాలి. వీటో ఉన్నంతకాలం తమకూ ఉండాలన్న ఆఫ్రికా వాదనలో ఉన్న గాయాన్ని మేం గౌరవిస్తాం. అందరి చేతుల్లోంచీ అది పోవడమే ఆ గాయానికి మందు.

3. సామూహిక హత్యాకాండ జరుగుతున్నప్పుడు వీటో చెల్లకూడదు. 2022 నుంచి వీటో వాడిన ప్రతిసారీ సర్వసభ్య సభలో చర్చ జరపాలన్న నియమం వచ్చింది. అది తొలి మెట్టు మాత్రమే.

4. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ఓట్ల లెక్క మారాలి. కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే సుమారు 16.5 శాతం ఉంది, అంటే అదీ ఒక వీటోనే. మన వాటా సుమారు 2.6 శాతం. 2010లో ఒప్పుకున్న సంస్కరణ అమెరికా కాంగ్రెస్ ఆమోదం కోసం ఎదురుచూసి 2016లో గానీ అమలు కాలేదు.

5. ప్రపంచ బ్యాంకు అధ్యక్ష పదవి అమెరికా ఎంపిక చేసినవారికీ, ద్రవ్యనిధి సారథ్యం ఐరోపాకూ దక్కే ఆనవాయితీ ఆగాలి.

5. మన ప్రభుత్వం ముందు మా డిమాండ్లు

1. అంతర్జాతీయ ఒప్పందాలపై చట్టం రావాలి. ఒప్పందం మీద సంతకానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం తీసుకోవాలన్న నిబంధన మనకు లేదు. 1994 ఏప్రిల్‌లో మరాకెష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంపై పెట్టిన సంతకం కోట్లమంది రైతుల బతుకుల్ని మార్చింది. ఏ రైతునూ ఎవరూ అడగలేదు. ఇకపై వాణిజ్యం, వ్యవసాయం, పర్యావరణం, కార్మిక హక్కులపై ఒప్పందాలు ముందు పార్లమెంటుకు, రాష్ట్రాల శాసనసభలకు రావాలి.

2. 1997లో సంతకం చేసి పక్కన పెట్టిన చిత్రహింసల వ్యతిరేక ఒప్పందాన్ని ఆమోదించి, దానికి తగ్గ చట్టం చేయాలి. మన లాకప్‌ల సంగతి అడిగితే తల దించుకునే దేశంగా మనం ఉండకూడదు.

3. వలస కార్మికుల, వారి కుటుంబాల హక్కులపై 1990 ఐరాస ఒప్పందంలో భారత్ చేరాలి. విదేశాల నుంచి ఇంటికి చేరే డబ్బులో మనం ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్నాం. ఆ డబ్బు పంపే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ కూలీ పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకుపోతే, నిలబెట్టి అడగడానికి మనకు ఆ ఒప్పందపు బలం కూడా లేదు.

4. శరణార్థుల కోసం జాతీయ చట్టం తేవాలి. 1971లో సుమారు కోటిమందికి ఆశ్రయమిచ్చిన దేశానికి ఈనాటికీ అలాంటి చట్టం లేకపోవడం మనకు తగదు.

5. విదేశాంగ సర్వీసును విస్తరించాలి. సుమారు వెయ్యిమంది అధికారులతో 140 కోట్ల దేశం ప్రపంచమంతా మాట్లాడలేదు. వాతావరణం, ఔషధాలు, సముద్రం, సాంకేతికత తెలిసినవారిని అందులోకి తీసుకోవాలి.

6. హక్కుతో పాటు ఖర్చూ భరించాలి. శాంతి దళాల ఖర్చులో శాశ్వత సభ్యులు మామూలు వాటా కంటే ఎక్కువ కడతారు. మనం ఇప్పుడు రాయితీ పొందుతున్నాం. పీట దక్కిన రోజు ఆ రాయితీ వదులుకుంటామని ఇప్పుడే ప్రకటించాలి.

6. సాధ్యమేనా?

చార్టర్ మార్చాలంటే 108వ అధికరణం ప్రకారం సర్వసభ్య సభలో మూడింట రెండొంతులు, అంటే 129 దేశాలు కావాలి. ఆపైన అయిదు శాశ్వత దేశాలూ ఆమోదించాలి. వాళ్లు ఒప్పుకోరు కాబట్టి వదిలేయమని చెప్పేవాళ్లకు మా జవాబు 1963. మండలిని పెంచే తీర్మానం ఆ డిసెంబరులో ఓటుకు వచ్చినప్పుడు శాశ్వత సభ్యుల్లో అనుకూలంగా ఓటేసింది అప్పటి చైనా ప్రతినిధి ఒక్కరే. సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ వ్యతిరేకించాయి. అమెరికా, బ్రిటన్ తటస్థంగా ఉండిపోయాయి. అయినా 1965 ఆగస్టు 31 నాటికి అయిదూ ఆమోదించక తప్పలేదు. కొత్తగా స్వేచ్ఛ పొందిన ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒక్క గొంతుతో నిలబడినందుకే అది జరిగింది. 2009 నుంచి సాగుతున్న అంతర్ప్రభుత్వ చర్చలు అంగుళం కదలకపోవడానికి ఆ ఒక్క గొంతు లేకపోవడమే ముఖ్య కారణం. ఆ గొంతును తిరిగి కూడగట్టడమే భారత్ చేయాల్సిన పని.

7. మా కార్యక్రమం

ఈ ఉద్యమం ఏ పార్టీకీ అనుబంధం కాదు. ఏ ప్రభుత్వం దగ్గరా, ఏ విదేశీ సంస్థ దగ్గరా డబ్బు తీసుకోదు. ఏ పొరుగు దేశాన్నీ, ఏ మతాన్నీ తిట్టే వేదికగా మారదు. దేశాన్ని ప్రేమించడమంటే దేశం చేసిన తప్పును సమర్థించడం అని మేం ఒప్పుకోం.

ఐరాసలో, ప్రపంచ వాణిజ్య సంస్థలో భారత్ తీసుకున్న ప్రతి ముఖ్య నిర్ణయాన్నీ తెలుగులో, పదో తరగతి చదివినవారికి అర్థమయ్యేలా ప్రచురిస్తాం. ప్రతి పార్లమెంటు సమావేశానికి ముందు మన ఎంపీలకు ప్రశ్నల జాబితా పంపి, వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా ప్రజల ముందు పెడతాం. డిగ్రీ కాలేజీల్లో చార్టర్‌పై అధ్యయన బృందాలు నడుపుతాం. ఏటా అక్టోబరు 24న, ఐరాస దినోత్సవం నాడు, గ్రామాల్లో సభలు పెట్టి, ఆ ఏడాది ప్రపంచ నిర్ణయాలు వరి రైతుకు, మత్స్యకారుడికి, వలస కూలీకి ఏం చేశాయో చర్చిస్తాం. హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న ఆఫ్రికా విద్యార్థులను ఆ సభలకు వక్తలుగా పిలుస్తాం. మన వీధుల్లో వాళ్లపై ఎవరైనా రంగు చూసి చెయ్యెత్తితే, మాట తూలితే, వాళ్ల పక్కన నిలబడతాం. ఆఫ్రికాతో కలిసి న్యాయం అడిగేవాళ్లకు ఇది మొదటి పరీక్ష.

భారత్ ప్రపంచంలో ముందు వరుసలో నిలబడటానికి తగినదని మేం నమ్ముతున్నాం. ఎవరికి నోరు లేదో వారి తరఫున మాట్లాడినన్నాళ్లే ఆ అర్హత మనకు ఉంటుంది. పీట మీద కూర్చున్నాక మనమూ ఆరో తాళంచెవిగా మారితే, ఈ ఉద్యమమే మొదట మన ప్రభుత్వాన్ని నిలదీస్తుంది. ఈ షరతుతోనే సంతకం చేస్తున్నాం. దీనికి ఒప్పుకునే ప్రతి ఒక్కరినీ, ఏ ఊరివారైనా, ఏ పనివారైనా, ఈ ప్రణాళిక కింద తమ పేరు చేర్చమని ఆహ్వానిస్తున్నాం.